పాలుకిచ్చిన పొలం

చాలా రోజులుగా రాయాలనుకుంటూ, ఇంటి గుట్టు బయట పెట్టడం ఎందుకులే అని వాయిదా వేస్తూ వచ్చాను. మొన్న అక్కే "రాసుకో తమ్మీ, నా పేరొక్కటి రాయకు" అన్నది. అందుకని రాస్తున్నాను.

మాది కుకునూరుపల్లి. హైదరాబాదు నుంచి రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ దాటి సిద్దిపేట వైపు వెళ్తుంటే వస్తుంది. నేను పెరిగిన నాటికి మెదక్ జిల్లాలో, కొండపాక మండలంలో ఒక పల్లె. 2016లో జిల్లా మారింది. 2022లో ఊరే మండల కేంద్రమైంది. ఊరు ఉన్నచోటనే ఉంది, చిరునామా మాత్రం రెండుసార్లు మారింది. అక్కకు జరిగింది దీనికి తలకిందులు. ఆమె ఆధార్ కార్డు మీద చిరునామా చాలాకాలం అలాగే ఉంది, ఊరే లేకుండా పోయింది.

ఆమె అత్తవారి ఊరు మల్లన్నసాగర్ కింద మునిగిన ఊళ్ళలో ఒకటి. 50 టీఎంసీల జలాశయం అది. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. బావ అంతకు ముందే కాలం చేశాడు. పొలం అక్క పేరు మీదికి పట్టా అయిన కొన్నాళ్ళకే ఆ పట్టాకు అర్థం లేకుండా పోయింది. గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీలో మనసొప్పక, పుట్టిన ఊరికే వచ్చి మా ఇంటి వెనక రెండు గదులు వేసుకుంది. పరిహారంలో అప్పులు పోను, చిన్న కూతురి పెళ్ళి ఖర్చు పోను, ఆ రెండు గదులు పోను, ఆమె చేతిలో మిగిలినవి 18 లక్షల రూపాయలు. రహదారి పక్కన ఎకరం కొందామంటే ఆ సొమ్ము ఏ మూలకూ చాలదు. నీళ్ళు వచ్చాయి కదా, నేల ధర ఆకాశాన్నంటింది. ఆ నీళ్ళకోసం నేలనిచ్చినవాళ్ళకు మళ్ళీ నేల కొనే యోగ్యత లేకుండా పోవడం ఒక విచిత్రం. దాని సంగతి ఇక్కడ ఎత్తుకుంటే అసలు విషయం పక్కకు పోతుంది.

2024 వేసవిలో డాలస్ నుంచి మేనల్లుడు ఫోను చేశాడు. మంచి పిల్లవాడు, తల్లంటే ప్రాణం. "మామా, అమ్మ పైసలు బ్యాంకుల ఊకెనే ఉన్నయి. ఇక్కడ గ్లోబల్ హై డివిడెండ్ ఫండ్లున్నయి. ప్రపంచంలోని వెయ్యికి పైగా కంపెనీలు ఒక్క ఫండులో. అసలు కదలకుండా ఉంటది, డివిడెండు వస్తనే ఉంటది. అమ్మ జిందగీ అంతా కూర్చుని తినొచ్చు. నా ఖాతాలోనే కొంటా, వచ్చింది వచ్చినట్టు పంపిస్త" అన్నాడు. కాగితాలు నా మెయిలుకు పంపాడు.

నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. లెక్కలు నా శాస్త్రం కావు. అయినా ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే కాబట్టి తీర్పు నా నెత్తిన పడింది. అక్క మాత్రం ఒక్క ప్రశ్న వేసింది.

"గా పైసలు ఏడికెల్లొస్తయి తమ్మీ?"

వారం రోజులు ఆ ప్రశ్న నన్ను నిద్రపోనీయలేదు. ఎందుకంటే పదిహేడేళ్ళ క్రితం నేను ఆ ప్రశ్న వేసుకోకుండానే ఒకసారి దెబ్బతిన్నాను.

2007 చివరి మాట. మా కాలేజీ స్టాఫ్‌రూములో అందరూ షేర్ల గురించే మాట్లాడుకుంటున్న రోజులు. ఒక ఏజెంటు వచ్చి, ఫలానా మ్యూచువల్ ఫండు నలభై శాతం డివిడెండు ప్రకటించింది, ఈ వారంలో చేరితే మీకూ వస్తుందన్నాడు. లక్ష రూపాయలు పెట్టాను. నలభై వేలు వస్తాయని మనసులో లెక్క వేసుకున్నాను. వచ్చినవి పన్నెండున్నర వేలు. నలభై శాతమన్నది నేను పెట్టిన ధర మీద కాదట, యూనిట్టు ముఖవిలువ పది రూపాయల మీదట. అంటే యూనిట్టుకు 4 రూపాయలు. నేను కొన్నది 32 రూపాయలకు. సరే, పోనీ, వారంలో పన్నెండున్నర వేలంటే మాత్రం తక్కువా అనుకుని ఆ డబ్బుతో ఇంటికి రంగులు వేయించాను. రంగులు ఆరకముందే తెలిసింది, 32 రూపాయల యూనిట్టు ఇప్పుడు 28 రూపాయలని. నా జేబులోంచి తీసి నా చేతిలోనే పెట్టారన్నమాట! 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్సు అక్టోబరుకల్లా 9 వేల దిగువకు జారింది. మిగిలిన ఎనభై ఏడున్నర వేలు నలభై వేల చిల్లరకు వచ్చి ఆగాయి. గోడల రంగు మాత్రం చాలాకాలం బాగుంది.

నా బోటి వాళ్ళు ఎంతమంది మోసపోయారో గాని, సెబీ 2020 అక్టోబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి మ్యూచువల్ ఫండ్లలో 'డివిడెండ్ ఆప్షన్' అన్న పేరే ఉండకూడదన్నది. దాని బదులు పెట్టిన పేరు ఆంగ్లంలో చాంతాడంత ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే 'ఆదాయ పంపిణీ మరియు మూలధన ఉపసంహరణ'. భాషోపాధ్యాయుడిగా ఇంత వికారమైన సమాసాన్ని నేను హర్షించలేను. కాని నిజం చెప్పిన పేరు అది. నీ అసలు నీకే ఇస్తున్నాం సుమా అని పేరులోనే ఒప్పుకున్నారు.

కంపెనీ పంచే డివిడెండు కూడా ఇంతే. పంచిన రోజు ఆ మేరకు షేరు ధర తగ్గి మొదలవుతుంది. ఖజానాలోంచి బయటికి పోయిన సొమ్ము ఖజానా విలువలో ఇంకా ఉండదు కదా. అయితే కంపెనీకి వెనక నుంచి మళ్ళీ లాభం ఊరుతూ ఉంటే ఆ గుంట పూడుతుంది. ఊరకపోతే పూడదు. ఊట ఉన్న బావిలోంచి తోడుకోవడం వేరు, తొట్టిలోంచి తోడుకోవడం వేరు. బయటి నుంచి చూసేవాడికి రెండు చోట్లా బకెట్టు నిండుగానే వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ చెప్పక తప్పదు. ప్రజలకు షేర్లమ్మి, ఆ షేర్ల క్రయవిక్రయాలు బజారులో జరిగిన తొలి కంపెనీ డచ్చి ఈస్టిండియా కంపెనీ. 1602లో పుట్టింది. ఏళ్ళు గడిచినా పైసా పంచకపోయేసరికి వాటాదారులు గోల చేశారు. చివరకు 1610లో మొదటి డివిడెండు ఇచ్చింది. ముఖ్యంగా డబ్బుగా కాదు, జాపత్రిగా, మిరియాలుగా! ఇంత జాపత్రి మేమేం చేసుకోవాలని కొందరు పుచ్చుకోలేదట. ఆ సుగంధద్రవ్యాలను ఇండోనేషియా దీవుల్లో కొనడానికి డచ్చివారికి కావలసింది వెండి ఒక్కటే కాదు, కోరమాండల్ తీరపు నూలుబట్ట. దానికోసమే వాళ్ళు ఆ సంవత్సరాల్లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టారు. అంటే ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడి ఇంటికి చేరిన ఆ డివిడెండు వెనక మన తెలుగు సాలెవాడి మగ్గం చప్పుడు కూడా ఉందన్నమాట. అక్క ప్రశ్నకు ఇది పాత జవాబు. పైసలు ఎక్కడినుంచో ఊరికే రావు. ఎవరో నేసిందీ, ఎవరో పండించిందీ అమ్ముడుపోతేనే వస్తాయి.

ఈ ముక్క అక్కకు చెప్పాను. కొంతసేపు ఆలోచించి "అయితే కౌలు లెక్కనా?" అన్నది.

కాదు. తేడా అక్కడే ఉంది. అది ఆమెకు చెప్పబోయి నేనే స్పష్టంగా తెలుసుకున్నాను. మా ప్రాంతంలో పొలం ఇవ్వడం రెండు తీర్లు. కౌలుకిస్తే పంట పండినా ఎండినా మాట ప్రకారం ఇంత అని ముట్టజెప్పాలి. పాలుకిస్తే పండినదాంట్లో పంచుకోవడం. పండితే ఇద్దరికీ ఉంది, ఎండితే ఇద్దరికీ లేదు. బ్యాంకు వడ్డీ, పోస్టాఫీసు వడ్డీ కౌలు. డివిడెండు పాలు. "అసలు కదలదు, డివిడెండు వస్తూనే ఉంటుంది" అన్న మేనల్లుడి మాటలో పాలును కౌలుగా చెప్పడం ఉంది. వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి ఎవరో అలా చెప్పారు.

2020లో ప్రపంచమంతా ఒకేసారి ఎండిన పంట చూశాం. షెల్ కంపెనీ రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఎన్నడూ తన డివిడెండు తగ్గించలేదని గొప్పగా చెప్పుకునేవారు. ఏప్రిల్ 30న 47 సెంట్లను 16 సెంట్లు చేసింది. ఆగస్టులో బీపీ సగానికి కోసింది. ఇంగ్లండులో అధికారులు అడిగిన మీదట హెచ్ఎస్‌బీసీ వంటి బ్యాంకులు ఇస్తామన్న డివిడెండు కూడా ఆపేశాయి. హాంకాంగులో ఆ డివిడెండు మీదే ఇల్లు గడుపుకునే వృద్ధులు లబోదిబోమన్నారు. సరిగ్గా మందులకు డబ్బు కావలసిన రోజుల్లో!

మేనల్లుడు పంపిన కాగితాల్లో ఫండ్లు రెండున్నాయి. మొదటిది వాన్‌గార్డ్ వారి ఇంటర్నేషనల్ హై డివిడెండ్ యీల్డ్ ఫండు. 2016లో మొదలైంది. అమెరికా మినహా మిగతా ప్రపంచంలోని కంపెనీలు. నెస్లే, టొయోటా, షెల్, హెచ్ఎస్‌బీసీ వంటి పేర్లు. నిర్వహణ ఖర్చు నూరు రూపాయలకు పావలా లోపే. నిజాయితీగా చెప్పాలంటే నేను దానిలో తప్పు వెతకబోయి వెతకలేకపోయాను. అది అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చేవాటినే ఏరుకోదు. సగటు కన్నా ఎక్కువ డివిడెండు ఇవ్వగలవనుకున్న కంపెనీలన్నిటినీ వాటి పరిమాణాన్ని బట్టి తీసుకుంటుంది. అదే మంచిది. ఎందుకంటే దిగుబడి శాతం మరీ ఎక్కువగా కనిపించడం చాలాసార్లు శుభసూచకం కాదు. శాతమంటే డివిడెండును ధరతో భాగించడమే. పైన అంకె పెరిగినా శాతం పెరుగుతుంది, కింద అంకె తగ్గినా పెరుగుతుంది. బోరు ఎండిపోతున్న పొలం ధర సగానికి పడిపోతుంది. నిరుటి పంటను ఈనాటి ధరతో భాగించి చూడండి, జిల్లాలో అంత లాభసాటి పొలం ఇంకొకటి కనిపించదు.

రెండవది వేరు. నాస్‌డాక్ 100 మీద కవర్డ్ కాల్ ఫండు, గ్లోబల్ ఎక్స్ వారిది. ప్రతి నెలా డబ్బు. సంవత్సరానికి పదకొండు, పన్నెండు శాతం. మేనల్లుడి మనసు దీనిమీదే ఉంది. కవర్డ్ కాల్ అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అర్థమయ్యాక ఇంతేనా అనిపించింది. మామిడితోట పూత మీద ఉండగానే గుత్తకివ్వడం వంటిది. రొక్కం ఇప్పుడే చేతికి వస్తుంది. కాపు విరగకాస్తే అది గుత్తేదారుది. అంతవరకూ పరవాలేదు. కాని మన తోటల గుత్తలో గాలివానకు కాయ రాలితే ఆ నష్టం గుత్తేదారుదే. ఈ ఫండులో గాలివాన నష్టం మాత్రం తోట యజమానిదే. 2013 చివర్లో 25 డాలర్ల దరిదాపుల్లో మొదలైన దాని ధర 2024 వేసవినాటికి 18 డాలర్ల లోపు. అదే కాలంలో నాస్‌డాక్ 100 సూచీ అయిదింతలైంది. నెలనెలా అందినది చిన్న సొమ్మేమీ కాదు, కాదనను. కాని అందులో కొంత ఇత్తుల మూటలోంచి తీసినదే.

జపాను వాళ్ళు ఈ బాధ మనకన్నా ముందే పడ్డారు. అక్కడ బ్యాంకు వడ్డీ సున్నాకు చేరిన కాలంలో, 1997లో, 'గ్లోబల్ సావరిన్ ఓపెన్' అన్న ఫండు వచ్చింది. విదేశీ బాండ్లు కొని నెలనెలా పంచిపెట్టేది. పింఛనుదారులు ఎగబడ్డారు. 2008 నాటికి అందులో 5 లక్షల కోట్ల యెన్లకు పైగా చేరాయి. ఆ తరువాత పంపకం తగ్గుతూ వచ్చింది, ధరా తగ్గుతూ వచ్చింది. అసలులోంచి తీసి పంచే డివిడెండుకు జపాను భాషలో ఒక పేరుంది: 'ఆక్టోపస్ కాలు'. ఆకలేసినప్పుడు ఆ జలచరం తన కాళ్ళు తానే తింటుందని వాళ్ళ నానుడి. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం పన్నులేని పొదుపు పథకాన్ని కొత్తగా తెచ్చినప్పుడు ఈ నెలవారీ పంపకపు ఫండ్లను అందులోకి రానివ్వలేదు.

ఇక మన దగ్గరి లెక్క. మొదటి ఫండే అనుకుందాం. నాలుగున్నర శాతం వస్తుందనుకుంటే 18 లక్షలకు సంవత్సరానికి 81 వేలు. అక్క పేరు మీదనే కొంటే అమెరికా ప్రభుత్వం నూటికి 25 అక్కడే పట్టుకుంటుంది. మిగిలేది 60,750. పట్టుకున్న పన్నును ఇక్కడి పన్నులో మినహాయించుకోవచ్చని ఒప్పందముంది. కాని అక్కకు ఇక్కడ కట్టవలసిన పన్నే లేదు. దేనిలోంచి మినహాయించాలి? సంపన్నుడికి తిరిగి కలిసొచ్చేది పేదరాలికి పూర్తిగా పోతుంది. పైగా 7 లక్షలు దాటి విదేశానికి పంపితే దాటిన దాని మీద 20 శాతం ముందుగా జమ పట్టేవారు అప్పుడు (2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షలైంది). రిటర్ను దాఖలు చేస్తే తిరిగొస్తుంది. విదేశాల్లో ఆస్తి ఉంది కాబట్టి ఆదాయం లేకపోయినా ఏటేటా రిటర్ను వేయవలసిందే. వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నానని మురిసిపోయే అక్క, విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపడం!

అదే 18 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో పెడితే అప్పటి 8.2 శాతం చొప్పున 1,47,600. అయిదేళ్ళ పాటు అదే కౌలు. రెట్టింపు కన్నా ఎక్కువ. ఇంక ఆలోచన ఎందుకని మీరనవచ్చు. నేనూ అన్నాను. మేనల్లుడు వెంటనే అడ్డుకున్నాడు. "మామా, అయిదేళ్ళు గా పైసలు గంతే ఉంటయి. బియ్యం ధర గంతే ఉంటదా? డాలర్ 2004ల నలభై అయిదు, ఇయ్యాల ఎనభై మూడు." వాడన్నది నిజం. స్థిరమైన కౌలు స్థిరంగానే అరిగిపోతుంది. మంచి కంపెనీల డివిడెండు ఏళ్ళమీద పెరిగే అవకాశముంది. అరవై ఆరేళ్ళ మనిషి ఇంకో ఇరవై ఏళ్ళు బతకాలి కదా. నేను ఒక్క నిమిషం జవాబు చెప్పలేకపోయాను.

చివరకు తీర్పు చెప్పింది నేను కాదు. అరుగు మీద చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ ఇదంతా విన్న అక్క అడిగింది: "కాయితం మీద ఎవరి పేరుంటది?"

వాడి ఖాతాలో కొంటే వాడి పేరే ఉంటుందని చెప్పాను.

"కొడుకు మీద నమ్మకం లేక కాదు తమ్మీ. మీ బావ పోయినంక పాస్‌బుక్కుల నా పేరెక్కితే ఎన్నిసార్లు చూసుకున్ననో. అది మూన్నాళ్ళ ముచ్చటాయె. ఇగ ఇదన్న నా పేరు మీద ఉండనియ్యి."

ఫోనులో అవతల పక్క చాలాసేపు మాట లేదు. తరువాత వాడు "సరే అమ్మా" అన్నాడు.

12 లక్షలు గజ్వేల్ పోస్టాఫీసులో వేశాం. మూడు నెలలకు 24,600. ఆపదకు అక్కరకొస్తాయని 4 లక్షలు బ్యాంకులో డిపాజిట్టు. మిగిలిన 2 లక్షలు ధరల పెరుగుదలకు ఎదురు నిలవడానికని నేనే పట్టుబట్టి పెట్టించాను. ప్రపంచ కంపెనీల ఫండే చూశాను గాని, మన మ్యూచువల్ ఫండ్లు విదేశాల్లో పెట్టగల సొమ్ముకు మొత్తం మీద 700 కోట్ల డాలర్ల హద్దుంది. అది 2022 మొదట్లోనే అంచుకు చేరడంతో అటువంటివి చాలా తలుపులు మూసుకున్నాయి. అందుకని మన దేశపు సూచీ ఫండులోనే, డివిడెండు తీసుకోకుండా పెరగనిచ్చే పద్ధతిలో, అక్క పేరు మీద. ఇత్తుల మూట అని చెప్పాను. ముట్టకూడదని ఆమెకు వేరే చెప్పనక్కరలేదు.

మేనల్లుడు తన సొంత జీతంలోంచి ఆ మొదటి ఫండు కొనుక్కున్నాడు. దానిమీద మూడు నెలలకోసారి వచ్చిన డివిడెండు తల్లికి పంపుతున్నాడు. ఎంతో కాదు, ఒకసారి నాలుగు వేలు, ఒకసారి రెండున్నర. వాణ్ణి నేను కొంచెం కటువుగానే మాట్లాడానేమోనని ఇప్పుడనిపిస్తుంది. అక్క ఆ డబ్బును విడిగా డబ్బాలో వేసి "పోరని పాలు" అంటుంది. పోస్టాఫీసు డబ్బును మాత్రం కౌలు అంటుంది. ఆ రెండు మాటలూ ఇంట్లో స్థిరపడిపోయాయి.

2025 మార్చి మొదటికల్లా మార్కెట్లు పడ్డాయి. టీవీలో విని అక్క వచ్చింది.

"మన ఇత్తుల మూట ఎట్లున్నది?"

"రెండు లక్షలు ఇప్పుడు లక్షా ఎనభై వేలయింది అక్కా" అన్నాను. తల వంచుకునే చెప్పాను. పెట్టించింది నేను కదా.

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, "కానియ్యి తియ్యి. ఓ ఏడు పండది, ఓ ఏడు పండుతది. చేనేడికి పోతది?" అన్నది.

అని, ఆగిపోయింది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఆమె లేచి స్టవ్ మీద చాయ్ పెట్టింది.